రెండో వైపు మూడో పాట

టైలరమ్మకు పాటలంటే బొత్తిగా గిట్టదు. ఈ మాట ముందే చెప్పేయాలి. లేకపోతే తర్వాత జరిగిందంతా విని, అబ్బో, ఎంత రసికురాలో అనుకుంటారు. అదేం కాదు. ఇంట్లో పాట మోగుతుంటే కుట్టుమిషను పెడలు ఇంకాస్త గట్టిగా తొక్కేది. "ఏముంది అందులో? ఒకావిడ ఏడుస్తుంది, ఒకాయన ఓదారుస్తాడు, మధ్యలో ఫ్లూటు" అనేది. స్కూలు యూనిఫారాలు, ఆఫీసు ప్యాంట్లు, నర్సుల కోట్లు, ఇదీ ఆవిడ లోకం. గుండీ కాజా సూటిగా పడితే చాలు, ఆ రోజుకు ఆవిడకు సంతోషం.

అలాంటి మనిషికి పాటలంటే చెవి కోసుకునే మొగుడు దొరికాడు. ప్రింటింగు ప్రెస్సులో మిషను మీద పని. వీధంతా ప్రెస్సాయన అనేవాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ దడదడలో నిలబడి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, రికార్డు ప్లేయరు ముందు కూర్చుంటే గానీ మనిషికి ప్రాణం లేచొచ్చేది కాదు. మేడమీద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను, ఎదురు గోడకు ఆయన ప్లేయరు. ఇద్దరి మధ్యా ఒక చాప. సంసారమంతా ఆ చాప మీదే జరిగింది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ చాప మీదికి ఇంకో ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకడు కండక్టరు, ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు. దూరపు బస్సుల్లో తిరిగి తిరిగి, డ్రైవర్లు పెట్టిన క్యాసెట్లన్నీ నోటికి వచ్చినవాడు. రెండో మనిషి లెక్కల టీచరు, వీళ్ళకంటే బాగా చిన్నది, సీడీలు వచ్చాక పాటల పిచ్చి పట్టినది. నల్ల రికార్డుల కాలం ప్రెస్సాయనది, క్యాసెట్ల కాలం కండక్టరుది, సీడీల కాలం టీచరుది. ఏడాదికోసారి, వానలు తగ్గాక వచ్చే మొదటి ఆదివారం, ఒక్కో కాలం నుంచీ ఒక్కో ఆల్బమ్ ఎన్నుకునేవాళ్ళు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు గద్దె ఎక్కించడం. గెలిచిన మూడు అట్టలూ ఏడాది పొడుగునా ప్లేయరు పైనున్న అరలో నిలబడేవి. ఆ మూడింటి కోసం వాళ్ళు చేసే రభస చూస్తే, నిజంగా ఎవడో రాజ్యం ఏలబోతున్నాడనుకోవాలి.

ఆ ఆటకు ఒక రూలు ఉంది. పెట్టింది ప్రెస్సాయనే. పాట మోగుతున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. అయ్యాక, ఇంతకుముందు ఎన్నడూ వినబడనిది ఈసారి ఏం వినబడిందో ఒక్కొక్కరూ చెప్పాలి. చెప్పలేనివాడికి ఓటు లేదు. "వందసార్లు విన్నానని గొప్పలు పోవద్దు. నూటొకటోసారి విన్నావా లేదా?" అనేవాడు వేలు చూపించి. టైలరమ్మకు నవ్వొచ్చేది. వీళ్ళకు పనీపాటా లేదు, పాపం, అనుకునేది.

ఒక సాయంత్రం ఆవిడ కోటు చేతులు కుడుతుంటే, రికార్డు అయిపోయి సూది ఊరికే బరబరలాడుతోంది. ఆయన కళ్ళు మూసుకుని, కాలి బొటనవేలితో తాళం వేస్తూ కూర్చున్నాడు.

"ఏమండీ, అయిపోయింది" అంది.

తాళం ఆగలేదు. ఇంకోసారి అంది. మిషను ఆపి గట్టిగా అంది. ఆయన పెదవుల మీద చిన్న నవ్వు, కాలు కదులుతూనే ఉంది. అయిపోయిన పాటకు మనిషి తాళం వేస్తున్నాడు. ఆవిడ లేచి వెళ్ళి భుజం తట్టితే ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఆవిడ మొహం చూశాడు, సూదిని చూశాడు. "కునుకు పట్టిందే" అన్నాడు. ఇద్దరికీ తెలుసు అది అబద్ధమని.

డాక్టరు ప్రెస్సు పనే వినికిడిని మింగేసిందన్నాడు. చెవికి మిషను పెట్టి చూశారు. మాటలు గరగరమంటూ వచ్చేవి గానీ, పాట పెడితే రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుందని తీసి సొరుగులో పడేశాడు. పోనుపోను అది పెట్టినా లాభం లేకపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అర్థం చేసుకునేవాడు. మిగతాదానికి జలుబు, చెవిలో నీళ్ళు, పరధ్యానం, ఏదో ఒక సాకు.

"వాళ్ళిద్దరికీ చెప్పేద్దామండీ. పరాయివాళ్ళా?" అంది ఒకరోజు.

"చెబితే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు. "జాలిపడతారు. నా ముందు పాట పెట్టడానికి మొహమాటపడతారు. వచ్చి, కులాసాగా ఉన్నావా అని అడిగి, మంచినీళ్ళు తాగి పోతారు. కొన్నాళ్ళకు అదీ మానేస్తారు. నాకు ఆ ఆదివారం ఒక్కటీ ఉండనీవే. నీకు దణ్ణం పెడతాను."

మొగుడు అంతలా బతిమాలడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే గుడ్డ మీద మరక పడుతుందని లోపలికెళ్ళి ఏడ్చింది.

అప్పటినుంచీ వినడం ఆవిడ పని అయింది. రాత్రి భోజనాలయ్యాక ఆయన రికార్డో, క్యాసెట్టో, సీడీయో పెడతాడు. ఆవిడ చేతిలో కాజా పని పెట్టుకుని వింటుంది. పాటలంటే గిట్టని మనిషి, పాఠం అప్పజెప్పాల్సిన పిల్లలా చెవులు రిక్కించుకుని వింటుంది. పాట అయ్యాక ఆయన ఎదురుగా కూర్చుని, మాట మాట విడదీసి చెబుతుంది.

"రెండో పాటలో డ్రమ్ము ఒకచోట కుట్టు వదిలేసిందండీ. మళ్ళీ వెంటనే అందుకుంది."

"ఎక్కడ? ఆవిడ 'కిటికీ' అన్నాకా?"

"అన్నాక కాదు, అంటుండగానే."

ఆయన కళ్ళు మూసుకుని, తలలో ఉన్న పాటను అక్కడిదాకా నడిపించుకుని, అవునవునంటూ తల ఊపేవాడు. ఆదివారం అదే మాట దర్జాగా చెప్పేవాడు. "డ్రమ్ము ఒక కుట్టు వదిలేసింది, గమనించారా?" కండక్టరు తొడ చరిచేవాడు. "ఒరేయ్, వయసు పెరిగేకొద్దీ నీ చెవి పదునెక్కుతోందిరా!" అనేవాడు. టైలరమ్మ తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకునేది. టీచరు మాత్రం ఒకటి రెండుసార్లు, కుట్టు అన్న మాట దగ్గర, మిషను వైపు ఓరగా చూసింది. లెక్కల మనిషి కదా.

ఇక ఆయన ప్రాణప్రదమైన రికార్డు సంగతి. పాత సామాన్ల కొట్లో దొరికింది. ఆ కంపెనీ కొన్నే వేసి మూతబడిందట, రేడియోవాళ్ళ దగ్గర కూడా లేదు. కొన్ననాటికే రెండో వైపు మూడో పాట మీద ఒక గీత. "వస్తానని చెప్పి" అని పాడుతూ గాయని ఆ గీత దగ్గర ఇరుక్కుపోతుంది. వస్తా, వస్తా, వస్తా అంటూ అక్కడక్కడే తిరుగుతుంది. "ఈవిడ వస్తా వస్తా అంటుందే గానీ రాదురా" అని పాట అయ్యాక కండక్టరు నవ్వేవాడు. ప్రెస్సాయన లేచి, చూపుడువేలి కొసతో సూదిని కాస్త ముందుకు నెట్టేవాడు. సూది కొంత దూరం దాటి దిగేది. ఆ దాటిన ముక్కలో ఏముందో నలుగురిలో ఎవరికీ తెలియదు.

తెలియదు కాబట్టే దాని మీద జన్మంతా కొట్లాట. అక్కడ ఫ్లూటు వస్తుందని ప్రెస్సాయన. ఫ్లూటూ లేదు గీటూ లేదు, గాయనే మళ్ళీ అందుకుంటుందని కండక్టరు. మాటామాటా పెరిగి ఒకసారి నెలపాటు మాట్లాడుకోలేదు. కండక్టరు ఏ వాదనలోనూ ఓడిపోయినట్టు ఒప్పుకున్న మనిషి కాదు. చిల్లర దగ్గర ప్రయాణికులతోనే నెగ్గినవాడు, వీడెంత? "ఎప్పటికైనా నిరూపిస్తానురా. అప్పుడు నువ్వు నా కాళ్ళు మొక్కాలి" అనేవాడు.

ఆ ఏడు వానలు తగ్గాక మొదటి ఆదివారం కండక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మీసం కింద నవ్వు దాచుకోలేక అవస్థ పడుతున్నాడు. టీచరూ నేలచూపులు చూస్తోంది. క్యాసెట్ల గద్దె అయింది, సీడీల గద్దె అయింది. రెంటికీ ప్రెస్సాయన ఆవిడ నేర్పిన మాటలు తడబడకుండా చెప్పాడు, ఓటేశాడు. నల్ల రికార్డు వంతు వచ్చింది.

"ఇవాళ నేను పెడతానురా, నువ్వు కూర్చో" అన్నాడు కండక్టరు ఆయన మొహంలోకి చూసి. ప్రెస్సాయన నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కాస్త సందులో కండక్టరు సంచిలోంచి ఏదో తీశాడు, ఏదో పెట్టాడు. టైలరమ్మ అది పట్టించుకోలేదు. ఒక ప్యాంటుకు అంచు మడుస్తోంది.

మొదటి పాట, రెండో పాట. ఆయన కాలివేలు నేల మీద తాళం వేస్తూనే ఉంది. మూడో పాట మొదలైంది. "వస్తానని చెప్పి" అంది గాయని. టైలరమ్మ చెవి దానంతటదే సిద్ధపడింది, వస్తా వస్తా కోసం.

రాలేదు.

"వస్తానని చెప్పి" అని పూర్తిగా అని గాయని కాస్త ఆగింది. టైలరమ్మ తల ఎత్తింది. కండక్టరు వేలు పైకెత్తి, కళ్ళు మెరిపిస్తూ, చూడండి చూడండి అన్నట్టు ఊపుతున్నాడు. ఎక్కడ సంపాదించాడో, గీత లేని రికార్డు సంపాదించాడు మహానుభావుడు. గాయని మళ్ళీ అందుకుంది. అదే మాట, ఇంకా మెల్లగా. ఫ్లూటు లేదు.

అప్పుడు చూసింది ఆవిడ మొగుణ్ణి. సూది ఎక్కడిదాకా వచ్చిందో కళ్ళతో చూసుకుంటూ, ప్రతిసారీ లేచినట్టే లేచాడు. వాళ్ళ వైపు వీపు పెట్టి ప్లేయరు దగ్గరకు నడిచాడు.

"ఏమండీ!" అని అరిచింది. ఆ గదిలో పాట మధ్య ఎవరైనా నోరెత్తడం అదే మొదలు. "ఏమండీ, వద్దు!"

ఆయన నిదానంగా వంగి, చూపుడువేలి కొసతో సూదిని నెట్టాడు. సూది కొత్త రికార్డు మీద బర్రున గీసుకుంటూ పోయి ఎక్కడో దిగింది. ఆ చప్పుడుకు టీచరు చెవులు మూసుకుంది. ఆయన వెనక్కి వచ్చి తన చోట కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. కాలివేలు మళ్ళీ తాళం అందుకుంది. పాట ఒకచోట, ఆయన వేలు ఒకచోట.

ఎత్తిన వేలు కండక్టరు దించలేదు. టీచరు టైలరమ్మను చూసింది. టైలరమ్మ తల వంచుకుంది. ఇక చెప్పడానికేం మిగల్లేదు.

పాట అయిపోయింది. ప్రెస్సాయన కళ్ళు తెరిచి, సూది పాట చివరికి వచ్చినట్టు చూసుకున్నాడు. "ముందు నేను చెబుతాను" అన్నాడు హుషారుగా. "మొదటి పాటకు ముందు ఎవరో కుర్చీ జరిపిన చప్పుడుంది. ఇన్నేళ్ళుగా వింటున్నాను, ఇవాళ పట్టుకున్నాను!"

ఆయన ఒక్కొక్కరి మొహమూ చూశాడు. సంచి మీద చూపు ఆగింది. అందులోంచి సగం బయటికి కనబడుతోంది తన పాత రికార్డు, తను అంటించిన కాగితంతో సహా. లేచి ప్లేయరు మీది రికార్డు తీసి వెలుతురుకు పెట్టాడు. నిగనిగలాడుతోంది. మధ్యలో ఒకే ఒక్క గీత, ఇప్పుడే పడినది.

"అలవాటు చూశావురా" అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ. "విన్నాను. బాగానే పాడుతోందని విన్నాను. అయినా చెయ్యి ఆగలేదు."

కండక్టరు గబగబా ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పెదవులు కనబడేలా, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు. "ఫ్లూటేరా. అక్కడ ఉన్నది ఫ్లూటే. నువ్వే గెలిచావు."

ప్రెస్సాయన నవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత పోయింది. చచ్చినా ఒప్పుకోని మనిషి ఒప్పుకున్నాడు. దాంతో వీళ్ళకు ఎంత తెలిసిపోయిందో ఆయనకు అర్థమైంది.

రికార్డు పక్కన పెట్టి టైలరమ్మ ముందుకు వచ్చి చాప మీద కూర్చున్నాడు. "నువ్వు చెప్పు. నీకు వినబడనిది నువ్వు నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఏముంది అక్కడ?"

ఆవిడ కండక్టరు వైపు చూసింది. వద్దు, వద్దన్నట్టు అతను తల ఊపుతున్నాడు. ఆవిడకూ అబద్ధం చెప్పేయాలనే ఉంది. కానీ ఈ ఒక్కటీ అబద్ధం చెబితే, ఇంతకాలం చెప్పినవన్నీ ఆయనకు అబద్ధాలైపోతాయి. ఇక ఆయనకు ఏ పాటా మిగలదు.

"ఫ్లూటు లేదండీ" అంది. "ఆవిడే. ఒకసారి 'వస్తానని చెప్పి' అని ఆగింది. మళ్ళీ అదే మాట అంది, ఇంకా మెల్లగా. రెండోసారి గొంతు ఒణికింది. అంతే ఉంది."

కండక్టరు గోడ వైపు తిరిగి కండువాతో మొహం కప్పుకున్నాడు.

"వాడిదే గెలుపు" అన్నాడు ప్రెస్సాయన. "నాకు ఓటు లేదు. రూలు పెట్టింది నేనే కదా. నా ఓటు దీనికి ఇవ్వండి. విన్నది ఇదే."

తర్వాత కాలివేలు నేలకు ఆనించి, భార్య పెదవుల వైపు చూస్తూ అడిగాడు. "ఎలా అంది? మళ్ళీ చెప్పు."

"వస్తానని చెప్పి అని ఆగి, మళ్ళీ మెల్లగా అందండీ. గొంతు ఒణికింది."

"మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఆవిడ చెప్పింది.

"మళ్ళీ."

చేతిలో ప్యాంటు పక్కన పెట్టి, ఆయన మొహం రెండు చేతులతో పట్టుకుని, ఆవిడ మళ్ళీ చెప్పింది.