పిన్నిగారి చెట్టుకీ నాకూ ఒకే రిపోర్టు

నాలో ఒక సుగుణం ఉందండి. నాకు తెలిసింది దాచుకోను, తెలియనిది అసలే దాచుకోను. పుట్టగొడుగు చూపిస్తే చాలు, పేరూ జాతీ చెప్పేస్తాను. కొందరు దీన్ని గొప్పలంటారు. నేను సేవ అంటాను. మొన్న అంబాజీపేటలో ఆ సేవే నా పరువు తీసింది.

మా మాణిక్యం పిన్నిగారికి ఉన్నవి పద్నాలుగు కొబ్బరిచెట్లు. ఆవిడ బతుకంతా వాటిమీదే. వర్షాలకి ఒక చెట్టు మొదట్లో ఎర్రటి పెంకులాంటి పుట్టగొడుగు లేచింది. నన్ను పిలిచేరు. గానోడెర్మా అనే బూజు తెగులైతే మట్టిలోంచి పక్క చెట్టుకి పాకుతుంది, వెంటనే చుట్టూ కందకం తవ్వాలి. నేను వంగి చూసి, వాసన చూసి, వేలితో తట్టి, ఇది చెత్తమీద మొలిచే రకం, కంగారు పడొద్దన్నాను. పిన్నిగారు కంగారు మానేసేరు.

నెల తిరక్కుండా పక్క చెట్టు మట్టలు వాలిపోయేయి. ఆవిడ అమలాపురంలో బోటనీ చెప్పే గ్రేస్ మేడంగారిని పిలిపించేరు. కంటితో చూడ్డం మంచిదేనండి, కాని ఈ పెంకులన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, డీఎన్‌ఏ చూస్తే తేలిపోతుందన్నారు మేడంగారు. మిషనుకి తోట సంగతేం తెలుసన్నాను నేను. అయితే మీరూ ఒక శాంపిల్ తియ్యండంటూ ఓ చిన్న గొట్టం, గ్లవుజులు ఇచ్చేరు. గ్లవుజులు తిరిగిచ్చేసేను. నలభయ్యేళ్ళ అనుభవం రబ్బరు తొడుక్కుంటుందా? కాలివేళ్ళ మధ్య కాస్త గోక్కుని, అదే చేత్తో పెంకు గీకి గొట్టంలో వేసేను.

మొన్న రిపోర్టుతో మేడంగారు వచ్చేరు. ఆవిడ గొట్టంలోనూ నా గొట్టంలోనూ గానోడెర్మాయే. తలొంచుకున్నాను. ఆవిడ అక్కడితో ఆగలేదు.

"మీ గొట్టంలో ఇంకో బూజు కూడా వచ్చిందండి. అది చెట్లకి పట్టదు. మనుషులకి తామర తెప్పిస్తుంది."

పిన్నిగారు నా కాళ్ళకేసి చూసేరు. "ఇంతకీ జబ్బు చెట్టుకా, మావాడికా అండి?"

"ఆయ్, రెండింటికీనండి. చెట్టుకి కందకం. ఈయనకి ఆయింట్‌మెంటు."

మిగతా పన్నెండు చెట్లకీ పాకకుండా కందకం నేనే తవ్వేను. అప్పటికే రెండు చెట్లూ పోయేయి. నెల ముందు తవ్వుంటే రెండోది బతికేదేమో. ఆ మాట పిన్నిగారు అనలేదు, నాకే వినిపిస్తోంది. తామర తగ్గుముఖం పట్టింది. గానోడెర్మాని చూసి గుర్తుపట్టడం మాత్రం నాకింకా రాదు.