సీటు పట్టిన కర్చీఫ్

మా చోవా చూ కాంగ్ బ్లాకులో పార్థసారథి గారిని ఎరగని తెలుగువాళ్ళు లేరు. తెనాలి బస్టాండులో కదిలే బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టిన మనిషి. సింగపూరొచ్చి పాతికేళ్ళయినా ఆ విద్య మర్చిపోలేదు. ఇక్కడి జనం తిండికొట్లన్నీ ఒక్కచోటుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేస్తే, అంటే ఆపుకుంటే, ఆయన నీలంగళ్ళ కర్చీఫ్ పరుస్తాడు.

"టిష్యూ గాలికెగిరిపోద్దండీ. కర్చీఫ్‌కి ఓ పరువుంటది" అంటాడు.

బల్ల దొరికాక భార్య సీతాదేవిని కూర్చోబెట్టి, తనే వెళ్ళి బియ్యపు సేమియాతో చేసే వెజిటేరియన్ బీహూన్ తెచ్చిపెడతాడు. ఎప్పుడూ అదే. అది ఆవిడకి ఇష్టమని ఆయన నమ్మకం. అడిగిన పాపాన మాత్రం పోలేదు.

కూతురు దీక్షిత వాళ్ళమ్మని కమ్యూనిటీ క్లబ్‌లో అర్జెంటీనా డాన్సుల క్లాసులో చేర్పించిందని తెలిసిన రోజు ఆ ఇల్లు దద్దరిల్లింది. అర్జెంటీనా అనగానే ఆయనకు టాంగో గుర్తొచ్చింది.

"వాటేసుకుని ఆడేదా! ఈ వయసులో!"

"రిలాక్స్ లా, నాన్నా. అమ్మ జాంబా నేర్చుకుంటోంది. అందులో టచింగే లేదు. చేతిలో కర్చీఫ్, అంతే."

"పార్టనర్ ఎవడు మరి?"

"ఎవరో ఒకరుంటార్లే."

ఆ మాట చాలు. ఆ తరవాతి శనివారం ఆవిడకంటే ముందే ఆయన క్లాసులో ఉన్నాడు. డాన్సు మీద మోజుతో కాదు, సీటు పోకుండా.

టీచరు గ్రసియేలా నెమ్మదిగా వివరించింది. మగవాడు కర్చీఫ్ ఊపుతూ చుట్టూ తిరిగి బతిమాలుతాడు. ఆమె తప్పించుకుంటుంది. ఇద్దరి చూపులూ విడిపోకూడదు. చివర్లో ఆమె ఒప్పుకుంటే అతను కర్చీఫ్‌ని ఆమె మెడ వెనకగా వేస్తాడు.

"ఒప్పుకోకపోవడమేంటి మేడమ్? షీ ఈజ్ మై వైఫ్!"

"ఆ సంగతి డాన్సుకు తెలియదుగా" అంది గ్రసియేలా.

ఆయనకి అడుగులు త్వరగానే వచ్చాయి. చూపే రాలేదు. భార్య గడ్డం, చెవికమ్మ, వెనక గోడమీది గడియారం, ఇన్ని చూసేవాడు కాని కళ్ళు చూసేవాడు కాదు.

"రోజూ చూసే మొహమే కదండీ" అన్నాడు, ఆవిడకి తోడుగా క్లాసుకొచ్చే నాతో. నాకు ఒళ్ళు మండింది.

"అయితే ఆవిడ కళ్ళజోడు ఎప్పుడు మార్చిందో చెప్పండి."

ఆయన మళ్ళీ గోడమీది గడియారం వైపు చూశాడు.

సీతాదేవి మాత్రం ఒక్క క్లాసూ మానలేదు. ఓ సాయంత్రం లిఫ్టు దగ్గర నాతో అంది: "పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని ఆయన్నే అడిగారు వదినా. నన్నెవరూ అడగలేదు. ఈ డాన్సులో నన్నడుగుతారంట." నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు.

క్లబ్బు వార్షికోత్సవం రోజు స్టేజీ మీద డప్పులాంటి పెద్ద వాద్యం మోగింది, గిటారు అందుకుంది. మనవాడికి సహజంగానే తొందర. పాట ఇంకా ఉండగానే, బస్సు కదిలిపోతున్నట్టు, కర్చీఫ్ ఆవిడ మెడమీద వేయబోయాడు. సీతాదేవి చటుక్కున వంగి పక్కకు తిరిగింది. కర్చీఫ్ గాల్లో మిగిలింది. జనం గొల్లుమన్నారు.

ఆయన బెదిరిపోయి ఆవిడ మొహంలోకి చూశాడు. నిజంగా చూశాడు. ఆవిడ ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తోంది, రానని కాదు, ఇంకా అడగలేదని. ఆయన కర్చీఫ్ రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరి దెబ్బ పడుతుండగా ఆవిడే వచ్చి తల వంచింది. నేను కళ్ళు తుడుచుకున్నానని వేరే చెప్పక్కర్లేదు.

"అలా వంగి తప్పించుకోవడం నేను నేర్పలేదే!" అంది గ్రసియేలా.

అందరం హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. ఆయన అలవాటుగా బల్లమీద కర్చీఫ్ పరిచి, బీహూన్ కొట్టు వైపు నడిచి, సగంలో ఆగి వెనక్కి వచ్చాడు.

"సీతా, ఏం తింటావు?"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"ఉండండి, చూడనివ్వండి" అని లేచి, ఒక్కో కొట్టు ముందూ ఆగి బోర్డులన్నీ తీరుబడిగా చదవసాగింది. ఆయన బల్లమీది కర్చీఫ్ తీసుకుని, స్టేజీ మీద ఉన్నంత దూరంలోనే వెంట నడిచాడు. ఈలోగా ఎవరో మా బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెట్టేశారు.

"అన్నయ్యగారూ, సీటు పోయింది!" అని అరిచాను. ఆయన వెనక్కి తిరగలేదు.

నాకు ఆకలి దంచేస్తోంది. సెంటరంతా ఓ చుట్టు తిరిగొచ్చారు. ఆవిడకింకా ఏదీ నచ్చలేదు.