మేము కాచుకున్న చెయ్యి

సహోదరీ సహోదరులారా, మా అక్క కుడికన్ను పోయింది జబ్బువల్ల కాదు, మా భక్తివల్ల. సాక్ష్యాన్ని ఈ మాటతో మొదలుపెట్టవద్దని, ముందు స్తోత్రం చెప్పి తరువాత మెల్లగా కష్టంలోకి దిగమని మా సంఘపు అయ్యగారు సలహా ఇచ్చారు. కానీ నా నోటి సంగతి ప్రొద్దుటూరులో నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు, బడిలో పిల్లలకు పాఠం చెప్పేటప్పుడే మెల్లగా దిగడం నాకు చేతకాదు, కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను. మహిమ దేవునిది, తప్పు మాది!

మా అమ్మ పుట్టింటి వైపు నీటికాసులనే కంటిజబ్బు ఉంది. కంట్లో పోటు పెరిగి, గుడ్డు రాయిలా గట్టిపడి చూపు పోతుంది, పోయిన చూపు మళ్లీ రాదు. పెద్దముడియంలో మా తాతకు అట్లే రెండు కళ్లూ పోయాయి. అదే జబ్బు అమ్మకు కనపడినప్పుడు, జమ్మలమడుగులో ఒక పాత మిద్దెలో ఆసుపత్రి నడిపే కంటి డాక్టరమ్మ దగ్గరికి బండి కట్టుకొని పోయారు. ఆమె పేరు రాయను, రాయవద్దని నా దగ్గర మాట తీసుకుంది. నెల్లూరు వైపు మనిషి, ఎంత దూరంనుంచి వచ్చిన రోగినైనా ముందు "అన్నం తిన్నావా తల్లీ" అని అడిగేది, ఆపరేషనుకు ముందు తలవంచి ప్రార్థన చేసేది. అమ్మ చూపు నిలబెట్టింది, దేవునికి స్తోత్రం!

అప్పటినుంచి ఏటేటా ఇంటిల్లిపాదీ పోయి ఆమె ముందు వరుసగా కూర్చునేవాళ్లం. కళ్లు మూసుకొని కిందికి చూడమని, రెండు చూపుడువేళ్లు రెప్పమీద పెట్టి మెత్తగా నొక్కేది. ఇక్కడ మా ఇంటి తెలివి చూడండి! అయ్యగారు తలమీద చేతులుంచి ప్రార్థిస్తే జ్వరం తగ్గుతుందని నమ్మే మా అమ్మ, డాక్టరమ్మ రెప్పమీద వేళ్లు ఉంచడమే వైద్యమనుకుంది. చుక్కలమందు ఏదో పైపైన ఇచ్చేదట, అసలు మందు ఆ చెయ్యి! "ఆయమ్మది హస్తవాసి మ్మే, ఆ చెయ్యి పడితే సాలు" అనేది. నేను మద్రాసులో బి.ఏ. చదివి వచ్చినదాన్ని, ప్రతి మాటకూ ఎదురుమాట చెప్పేదాన్ని, ఈ ఒక్క మాటకు చెప్పలేదు. నేనూ నమ్మాను కాబట్టి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున, అక్కను ఇచ్చిన పులివెందులనుంచి మా బావ మొదటి బస్సుకు వచ్చాడు. నిలబడే చెప్పాడు: "అత్తా, నిన్నటేళనుంచి దానికి కన్ను నిప్పు మాదిరి ఎర్రబడింది, తల పగిలిపోతాందంటాది, ఒకటే వాంతులు. జమ్మలమడుక్కు తీసుకపోదునా?"

డాక్టరమ్మ తన తల్లికి జబ్బుగా ఉందని నెల్లూరు పోయి ఉంది, ఆ పై వారం రావాలి. ముద్దనూరు వాడైన ఒక చిన్న డాక్టరును తన స్థానంలో కూర్చోబెట్టి పోయింది.

"మీసాలైనా సరిగా రాలేదప్పా ఆ పిల్లోనికి!" అంది అమ్మ. "వాని చెయ్యి ముందు పడితే, మళ్లా ఆయమ్మ చెయ్యి పనిచేస్తాదా? వారం దినాలే గదా, ఓర్చుకోమను."

బావ నావైపు తిరిగాడు. "నువ్వు సదువుకున్నదానివి. నువ్వు సెప్పు మ్మే, ఏం చేద్దాం?"

"అమ్మ చెప్పిందే నిజం బావా. ఆయమ్మను రానీ" అన్నాను.

తొమ్మిది రోజులు! అక్కను ప్రొద్దుటూరుకు తెచ్చుకొని, కంటిమీద తడిగుడ్డ వేసి, మంచం చుట్టూ మోకాళ్లూని ప్రార్థించాం. ఆ ప్రార్థన నాకు అక్షరం అక్షరం జ్ఞాపకముంది: "ప్రభువా, ఆ తల్లిని త్వరగా తీసుకొని రా, ఆమె చెయ్యి మా బిడ్డ కంటిమీద పడనియ్యి!" చూశారా సహోదరులారా, కన్ను ఇమ్మని కూడా అడగలేదు, చెయ్యి అడిగాం, దేవుడు అడిగినదే ఇచ్చాడు.

డాక్టరమ్మ వచ్చిందని తెలియగానే అక్కను జమ్మలమడుగు తీసుకుపోయాం. ఆమె అక్క రెప్పమీద వేళ్లు పెట్టింది, తీసేసింది. "ఇన్నాళ్లు ఏం చేశారమ్మా?" అంది. మీకోసమే కాచుకున్నామని అమ్మ గర్వంగా చెప్పింది. ఆమె పక్కనున్న బల్లమీద కూలబడిపోయింది. "నేను వేళ్లతో నొక్కేది కన్ను ఎంత గట్టిపడిందో చూడటానికి పెద్దమ్మా. అది పరీక్ష. వైద్యం కాదు."

ఆపరేషను చేసి ఎడమకన్ను కాపాడింది, కుడికన్ను చీకటైపోయింది. నేను ఊరుకుంటానా, అందరిముందూ ఆమెను నిలదీశాను, ఇన్నేళ్లలో ఆ ముక్క ముందే ఎందుకు చెప్పలేదని! ఆమె వాదించలేదు. "మీరేమనుకుంటున్నారో నేను ఒక్కసారైనా అడగలేదు తల్లీ. అది నా లోపమే" అంది. తన లోపమని ఒప్పుకున్న పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు, సంఘంలోనూ చూడలేదు, మా ఇంట్లో అసలే చూడలేదు. అందుకే మా కుటుంబం ఆమెను విడిచిపెట్టలేదు. అక్క మాత్రం నన్ను ఒక్కమాట అనలేదు, "ఇంగ నువ్వు కొట్లాడేటప్పుడు నీ మొగం సగమే కనపడ్తాది, బతికిపోయినా" అని నవ్వింది. ఆ నవ్వు విన్నప్పటినుంచి నాకు ప్రార్థన రాలేదు. ఆదివారం గుడికి పోయేదాన్ని, పాటల పుస్తకం తెరిచి పట్టుకొని నోరు మూసుకొని నిలబడేదాన్ని, ఏళ్ల తరబడి! అమ్మ తన నమ్మకం మార్చుకోకుండానే ప్రభువునందు నిద్రించింది, ఆమెతో చివరిదాకా వాదించి కూడా ఓడిపోయాను.

రాజధాని హైదరాబాదుకు పోయిన కొన్నేళ్ల తరువాత, ఒక సాయంత్రం దీపం చుట్టూ నాకు రంగుల వలయాలు కనపడ్డాయి, అదీ ఆ జబ్బు గుర్తే. తెల్లవారి బస్సుకే జమ్మలమడుగు పోయాను. డాక్టరమ్మ నొక్కి చూసి, వెంటనే ఆపరేషను చెయ్యాలని, అది చిన్న డాక్టరే చెయ్యాలని, తన చెయ్యి వణుకుతోందని చెప్పింది. అప్పుడు బయటపడింది నా బి.ఏ.! మీరే చెయ్యండి, వణికినా ఫరవాలేదు అని గంటసేపు వాదించాను, ఏడ్చాను. అమ్మకంటె నేనేం తక్కువ!

"నామీద నమ్మకముంటే, నేను చూపించిన మనిషికి కన్ను అప్పగించు" అంది ఆమె.

బల్లమీద పడుకొని, ఏళ్ల తరువాత నోరు తెరిచాను: "ప్రభువా, ఈ చెయ్యి నాకు ఇష్టం లేదు. నీకు ఇష్టమైతే కానియ్యి." చిన్న డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగాడు: "పులివెందులమ్మ మీ అక్కేనా? ఆ తొమ్మిది దినాలూ నేను ఈడనే ఉన్నానమ్మా. ఊరికే కూర్చోనుంటి."

సహోదరులారా, నా కన్ను దక్కింది, ఈ సాక్ష్యం ఆ కంటితోనే రాస్తున్నాను. అక్కకు వద్దని తోసేసిన చెయ్యే నాకు చూపు నిలబెట్టింది. ఇదేమి న్యాయం తండ్రీ అని అడిగాను, ఇప్పటికీ అడుగుతున్నాను, జవాబు రాలేదు. కానీ అడగడానికైనా నోరు తెరుచుకుంది, మూగతనంనుంచి నన్ను విడిపించాడు, అందుకు దేవునికే మహిమ అని రాస్తున్నాను, పళ్లు బిగబట్టుకొని రాస్తున్నాను.

దేవుణ్ణి నమ్మండి! ఏ చేతిద్వారా మేలు చెయ్యాలో ఆయనకు మనం నేర్పవద్దు. మీ ఇంట్లో ఎవరికైనా కన్ను ఎర్రబడి తలనొప్పి వస్తే, మోకాళ్లూనేముందు బస్సెక్కండి. ప్రార్థన బస్సులో కూర్చొని చేసుకోవచ్చు. ఆయన వింటాడు.