హాకీ మైదానానికి తడి పెట్టిన ఏడాది

మా కాలేజీ హాకీ జట్టు బాగా ఆడేదని ఎవరైనా చెబితే, వాళ్లు మా జట్టు ఆడగా చూడలేదని అర్థం. నేను చూశాను. అరవైల మొదట్లో, బళ్లారి జిల్లాలో ఒక తాలూకా ఊళ్లో చదువుకునే రోజుల్లో, ఒక సీజన్ మొత్తం ఒక్క మ్యాచీ వదలకుండా చూశాను. మంచు మీద ఆడే హాకీ కూడా ఒకటుందని తర్వాతెప్పుడో చదివి, కాళ్లు జారిపోతుంటే ఆటేమిటని నవ్వుకున్నాను. నవ్వే అర్హత నాకెంతుందో మీకే తెలుస్తుంది.

గోలుకు కాపలా ఉన్నవాడికి నిలబడి కునుకు తీసే విద్య వచ్చు. బంతి దాటిపోయాక కాలు చాచేవాడు, వెళ్లిన అతిథికి వీడ్కోలు చెబుతున్నట్టు. సెంటర్ ఫార్వర్డు జేబులో దువ్వెన ఉండేది. ఆడపిల్లలు కూర్చునే వైపు బంతి వెళ్తే తల దువ్వుకున్నాకే దాని వెంట పడేవాడు. మిగిలినవాళ్లు గోల చేసేవాళ్లే గానీ గోలు చేసేవాళ్లు కాదు. మా డ్రిల్లు మాస్టారు ఇంగ్లీషులో ఉన్న రూల్సు పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేవారు. అది ఆయన చంకలోంచి బయటికి రావడం మేమెవరమూ చూడలేదు.

ఇంత చిన్నచూపు చూసే నేను ఆ జట్టులో ఎందుకు లేనంటే, ప్రయత్నించాను. మొదటి రోజే కర్ర ఎత్తి బంతిని కాక నా మోకాలి చిప్పనే కొట్టుకున్నాను. పోనీ పదిహేనోవాడిగా అయినా తీసుకుందామంటే జట్టులో పద్నాలుగు కర్రలే ఉన్నాయన్నారు మాస్టారు. ఆట రానివాడికి మిగిలేది అభిప్రాయాలే. అవి నా దగ్గర కావలసినన్ని ఉండేవి. గీత బయట నిలబడి వాటిని గొంతెత్తి పంచిపెట్టేవాణ్ణి. యశ్వంతనగర్‌లో గని పనివాళ్లతో ఆటంటే సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, ఎర్రదుమ్ములో ఎర్రగా తిరిగొచ్చాను. దారిలో బండ్రి అనే ఊరి దగ్గర టైరు పేలిపోతే సైకిలు నెట్టుకుంటూ నడిచాను. ఆ రోజు మేం ఓడిపోయాం. ఓడిన ఆటకు నడిచి రావడంలో ఒక సుఖముంది, తిట్టుకోవడానికి బోలెడు సమయం దొరుకుతుంది.

ఆ జట్టులో నేను తిట్టలేనివాడు ఒక్కడే, ఎడమ చివర ఆడేవాడు. ఆ చోటును లెఫ్ట్ ఔట్ అంటారు. కాలేజీ కూడా అతన్ని అలాగే చూసేది, విందులకు పిలిచేవాళ్లు కాదు, ఫోటోల్లో చివరన నిలబెట్టేవాళ్లు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. లెక్కల్లో రెండుసార్లు తప్పి, చివరి సంవత్సరం మూడోసారి చదువుతున్నాడు. వాళ్ల నాన్న మిషన్ ఆసుపత్రిలో కట్లు కట్టే పని చేసేవాడు. ఆదివారం ఆట ఉంటే, చర్చి మానకూడదని కొడుకును పంపేవాడు కాదు. ఆ ఆదివారాల్లో మేం ఎన్ని గోల్సు తిన్నామో దేవుడికే తెలియాలి, ఆ వేళ ఆయన ఎలాగూ వాళ్ల ఇంటివైపే ఉండేవాడు.

బంతి అతని కర్రకు అంటుకునేది. ఎడమ గీత పక్కనే, బూటు దారానికి బంతి కట్టుకున్నట్టు పరుగెత్తేవాడు. పక్కన నేనూ పరుగెత్తేవాణ్ణి, అరుస్తూ.

ఒకసారి ఆట మధ్యలో ఆగి నా వైపు చూశాడు. "ఏమప్పా, ఊరికే యాల అరుస్తాండావు? నీ గొంతులో పడి బంతి ఎవురు కొట్టింది నాకు ఇనపడకుండా పోతాండాది."

"ఉషారు రావాలని అరుస్తున్నా అన్నా."

"ఉషారు నాకుండాది. నువ్వు రొంత నీళ్లు తాగు."

దాన్ని నేను ప్రేమగానే తీసుకున్నాను. వీరాభిమానికి తిట్టయినా పలకరింపే.

అతని పుణ్యాన మా జట్టు ఆ ఏడు ఫైనలుకు చేరింది. ఇందులో మిగతా పదిమంది పాత్ర ఏమీ లేదని ప్రమాణం చేసి చెప్పగలను. ఫైనలు మా మైదానంలోనే, శనివారం సాయంత్రం. పెద్ద ఊరి కాలేజీ వస్తోంది. వాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండేది, అందరికీ ఒకే రంగు మేజోళ్లు! వాళ్ల ఫుల్ బ్యాకు ఒకడు రుబ్బురోలు లాంటివాడు. నిలబెట్టిన చోటు నుంచి కదిలేవాడు కాదు. వాడికి పేరు పెట్టింది నేనే, సీజనంతా అదే పేరుతో పిలిచాను.

అసలు సంగతి ఏమిటంటే ఆ ఫైనలు చూడటానికి యూనివర్సిటీ నుంచి సెలెక్టరొకాయన వస్తున్నాడు. యూనివర్సిటీ జట్టులోకి వెళ్లినవాళ్లను రైల్వేవాళ్లు ఆటగాళ్ల కోటాలో ఉద్యోగంలోకి తీసుకుంటున్న రోజులవి. లెఫ్ట్ ఔట్‌కు వాళ్ల నాన్న గడువు పెట్టేశాడు. ఈ ఏడుతో ఆట సరి. సెలెక్టరు తీసుకుంటే రైల్వే, కాదంటే యశ్వంతనగర్ గనిలో లారీలు లెక్కరాసే పని. అక్కడ గని జట్టు ఉన్నా, నాన్న మాట మీద ఇక కర్ర ముట్టకూడదు. ఈ సంగతి అతను నాతో చెప్పలేదు, నేను ఎవరి దగ్గరో తెలుసుకున్నాను. వీరాభిమాని పనే అది గదా.

శుక్రవారం మధ్యాహ్నం మాస్టారు తల పట్టుకుని కూర్చున్నారు. మా మైదానానికి ఎప్పుడూ దుమ్ము జబ్బే. మ్యాచీ రోజు పొద్దున మున్సిపాలిటీ నీళ్లబండి రెండు చుట్లు తిరిగి చల్లితే అణిగేది. ఆ శనివారం ఎవరో మంత్రి వస్తున్నాడని బండి రోడ్డు తడపడానికి పోయింది.

"దుమ్ములో ఆ సెలెక్టరుకు మనవాడు కనపడేదెట్లా?" అన్నారు మాస్టారు.

"నీళ్ల సంగతి మాకు వదిలెయ్యండి సార్" అన్నాను.

మాకు అంటే క్యాంపువాళ్లకు. తుంగభద్ర కాలువ వచ్చాక కోస్తా నుంచి వచ్చి పొలాలు కొని స్థిరపడ్డవాళ్లం మేం. మా పల్లెలను క్యాంపులనేవాళ్లు. మాకు భూమి అంటే నీళ్లు నిలబడేది. నిలబడకపోతే దానికేదో లోపముందని, మేం బాగుచేయాలని మా నమ్మకం. ఇక్కడి రైతులంటే, పైకి అనకపోయినా, మాకు చాలా తేలిక. నీళ్లు కట్టడం తెలియనివాళ్లకు బతకడం ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయేవాళ్లం. మేం రాకముందు వాళ్లు కొన్ని వందల ఏళ్లు బతికారన్నది మాకు తట్టేది కాదు.

మైదానం పక్కనే పిల్లకాలువ పారుతోంది. మా బాబాయిని, మరో నలుగురిని పారలతో సహా తీసుకొచ్చాను. బాబాయి మైదానాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, మంచి మడి దొరికిందన్నట్టు తలపాగా సర్దుకున్నాడు.

"నీటిబండితో చల్లుతార్రా దీనికి? చంటిపిల్లకి ఉగ్గు పోసినట్టా! ఒక్క తడి పెడితే నెల్లాళ్లు దుమ్ము లేవదు. ఎడమపక్క గట్టు పొయ్యండి, వాలు అటే ఉంది."

కాలేజీ తోటలో పనిచేసే ముసలాయన చేతిలో కత్తెరతో, వద్దు వద్దని చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు. "బ్యాడప్పా, బ్యాడ! పైన గరుసు కనపడతాది గానీ అడుగున అంతా నల్లరేగడే. నీళ్లు తాగినాదంటే నాలుగు దినాలు ఇడవదు. బిందెలతో రొంత చల్లుకోండి, సాలు."

"నీళ్ల గురించి నాకు చెబుతావేంటయ్యా?" అన్నాడు బాబాయి. "మబ్బుల కేసి చూట్టం తప్ప మీకేం తెలుసని?"

"మొగులు కేసి చూసేటోనికే నీళ్ల యిలువ తెలిసేది."

ఆ మాటకు బాబాయి నవ్వాడు. నేను ఇంకాస్త పెద్దగా నవ్వాను. ముసలాయన కత్తెర టకటకలాడించుకుంటూ మొక్కల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆశల మీద నీళ్లు చల్లారని అంటుంటారు. మేం చల్లలేదు, కాలువే తిప్పాం. పొద్దు వాలేదాకా నీళ్లు పారాయి. బాబాయి మధ్యమధ్య బొటనవేలు నేలలో గుచ్చి చూసి "ఇంకా తాగుద్ది" అనేవాడు. చివరికి గట్టు కొట్టి, ఆ మట్టిని ఎడమ గీత పొడుగునా పరిచి, చదును చేసి, పారలు కడుక్కుని బయలుదేరాం. శనివారం పొద్దున వచ్చి చూస్తే మైదానం అలికిన కళ్లంలా నున్నగా మెరుస్తోంది. మాస్టారు నా భుజం తట్టారు. ఆ సీజన్‌లో జట్టుకు పనికొచ్చిన మొదటి అభిమానిని నేనేనని నాకు నేను చెప్పుకున్నాను.

సాయంత్రం సెలెక్టరు తెల్లబూట్లతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కాస్త ఎడంగా, నల్లకోటు వేసుకుని, గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని మరొకాయన. లెఫ్ట్ ఔట్ వాళ్ల నాన్న. కొడుకు ఆట చూడటానికి రావడం అదే మొదలట.

మధ్య గీత మీద ఇద్దరు ఆనవాయితీగా కర్రకు కర్ర తాకించి ఆట మొదలుపెట్టారు. పది నిమిషాలు దివ్యంగా సాగింది. పదకొండో నిమిషంలో పైపెచ్చు పగిలింది.

రేగడి సంగతి ఎరిగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఎరగనివాళ్లకు చెబితే నమ్మరు. క్యాన్వాసు బూట్ల కింద పొర మీద పొర అంటుకుని ఆటగాళ్లు అంగుళం అంగుళం పొడుగయ్యారు. సెంటర్ ఫార్వర్డు జన్మలో మొదటిసారి దువ్వెన తీసి మంచి పనికి వాడాడు, బూటు గీకడానికి. బంతి కొట్టినచోటే కూరుకుపోయేది. అంపైరు దాన్ని పైకి తీసి, తుడిచి, అది బంతో మట్టిముద్దో తేల్చుకుని మళ్లీ కింద పెట్టేవాడు.

అన్నిటికంటే మెత్తగా ఉన్నది ఎడమ గీత. వాలు అటే గదా, నీళ్లన్నీ అక్కడికే చేరాయి. పైగా గట్టు మట్టి కూడా అక్కడే పరిచాం. ఒక మనిషి ఈ లోకంలో పరుగెత్తగలిగిన ఒకే ఒక్క దారిని వెతికి వెతికి బురద చేసినట్టయింది.

అతను మొదటి సగంలోనే బూట్లు విప్పేశాడు. ఒకసారి బంతి దొరికింది. వట్టికాళ్లతో బయలుదేరి ఇద్దర్ని తప్పించాడు. సెలెక్టరు కుర్చీలో ముందుకు వంగాడు. అంతలో కాలు చీలమండ దాకా దిగిపోయింది. బంతి వెనకే ఉండిపోయింది, మనిషి ముందుకు వెళ్లి బోర్లాపడ్డాడు. లేచేసరికి ముఖమంతా నలుపు, కళ్లే తెల్లగా ఉన్నాయి. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లో నాది లేదని చెప్పుకోగలిగితే బాగుండేది. సీజనంతా నవ్వడం అలవాటైన నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

గోలు చేసింది వాళ్లు, చేయించింది రుబ్బురోలు. కదలనివాణ్ణి బురద ఏం చేస్తుంది? నిలబడ్డచోటే కర్ర బంతి కిందికి దూర్చి గాల్లోకి లేపాడు. మా గోలు ముందున్న డీ గీత లోపల వాళ్ల మనిషి దాన్ని అందుకుని కొట్టాడు. మా గోలీ వీడ్కోలు చెప్పాడు. సెలెక్టరు లేచి బూట్లు చూసుకుని, రుబ్బురోలు పేరు రాసుకుని వెళ్లిపోయాడు.

నల్లకోటాయన గీత దాకా వచ్చాడు. కొడుకు పాదాలకేసి చూసి, "రాప్పా, పోదాం. కడుక్కుందువు గానీ" అన్నాడు.

ఊళ్లో అందరూ మున్సిపాలిటీని తిట్టారు, కాలువ తూము కారిందన్నారు. మాస్టారికి నిజం తెలుసు, కానీ ఆయన ఎటూ మాట్లాడే మనిషి కాదు. బాబాయి మాత్రం "నేల మంచిది కాదురా, ఎన్ని నీళ్లు పెట్టినా కృతజ్ఞత లేదు" అని తేల్చేశాడు. రెండు వారాలు నేను నోరు మూసుకుని తిరిగాను. ఇంట్లో నాకు జ్వరమేమో అనుకున్నారు.

మూడోవారం లెఫ్ట్ ఔట్ యశ్వంతనగర్ బస్సు ఎక్కుతున్నాడని తెలిసి వెళ్లాను. రేకుపెట్టె, చుట్టిన పరుపు, కొత్త చెప్పులు. కర్ర లేదు.

"అన్నా, ఆ నీళ్లు పెట్టింది మేమే."

"తెలుసప్పా. తోటలో తాత ఆ పొద్దే చెప్పినాడు."

"ఆయన వద్దన్నాడు. మేం నవ్వినాం."

"అదీ చెప్పినాడు."

"నీ కోసమే చేసినా అన్నా."

అతను పరుపు పైకి అందించి, చేతులు దులుపుకుని నా వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు. ఉండుంటే నాకు కాస్త సులువయ్యేది. "నా కోసరం నిన్ను ఎవురు చేయమన్యారప్పా? నేనడిగింటే నిన్ను ఇంట్లోనే ఉండమని అడిగేవాణ్ణి."

రేకుపెట్టె పట్టుకుని బస్సెక్కాడు. బస్సు కదిలింది. అతను నీడ ఉన్న వైపు, అవతలి కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను నిలబడిన వైపు నుంచి అతని వీపే కనబడింది.