మా తోట చివర సముద్రం

భీమిలి దాటాక మాకొక సరుగుడు తోట ఉంది. తాతగారిది. దాని చివర సముద్రం. అది ఎవరి సొత్తూ కాదు గానీ, అక్కడికి దారి మా తోటలోంచే కాబట్టి నాన్న దృష్టిలో సముద్రం కూడా మాదే. ఆయన మాత్రం ఉద్యోగమంతా హైదరాబాదులో చేసి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు.

పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదని నాన్న పట్టింపు. పదకొండేళ్ళప్పుడు నేనొక మామూలు మంగళవారం మోకాళ్ళ దాకా దిగాను. లెంపకాయ పడింది. ఆ తర్వాత తోటకి ఎప్పుడు వెళ్ళినా ఒడ్డున కూర్చుని సరుగుడు కాయలు ఏరుకునేదాన్ని. మళ్ళీ దిగలేదు. దిగాలని లేక కాదు.

కొన్నేళ్ళ క్రితం విశాఖ నుంచి ఎవరో ఇద్దరు నాన్నకి ఫోన్ చేశారు. పలక వేసుకుని కెరటాల మీద నిలబడే ఆట ఉంది, సర్ఫింగ్ అంటారు, మీ తోటలోంచి దారివ్వండి అని అడిగారు. నాన్న పంచాంగం తెప్పించుకుని, పౌర్ణమికీ అమావాస్యకీ అయితే దిగొచ్చన్నారు. వాళ్ళు నవ్వలేదు. సరేనన్నారు.

దాంతో వచ్చిన చిక్కేమిటంటే, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు ఆడుకునేవాళ్ళంతా మా తోటకి మాత్రం ఒకే రోజున రావలసి వచ్చింది. ఒకే రోజున వస్తే పరిచయాలవుతాయి. పరిచయాలైతే టీ కావాలి. టీ కొట్టు వచ్చింది. తర్వాత ఇడ్లీ బండి, గుడారాలు, ఆట నేర్పే బడి, చివరికి పోటీలు. చెన్నై నుంచి కూడా తిథి చూసుకుని వచ్చేవాళ్ళు. ఆ తిథులు పెట్టిన మా నాన్న ఆ ఆటని ఒక్కసారీ చూడలేదు.

కిందటేడు ఆ బడి నడిపే అమ్మాయి మా ఇంటికొచ్చింది. గ్రూప్స్ పరీక్షల కోసం మూడేళ్ళు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదివిందట. ఒకసారి స్నేహితులతో సముద్రం చూడ్డానికి వెళ్ళి అక్కడే ఉండిపోయిందట.

"సార్, జర రోజు దిగనియ్యండి. పున్నానికి, అమాసకే అంటే జనం ఆగుతలేరు. మస్తు పరేషాన్ అయితున్నది," అంది.

నాన్న కాఫీ పూర్తిచేసి, "సరేనమ్మా, రోజూ దిగండి," అన్నారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ అమ్మాయి వెళ్ళాక గ్లాసులు తీస్తూ తీస్తూ ఆగిపోయాను. ఒళ్ళు మండిపోయింది.

"ఊరందరికీ ఇచ్చిన సముద్రం నాకెందుకివ్వలేదు నాన్నా?"

"వాళ్ళు అడిగారు. నువ్వు అడగలేదుగా," అన్నారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక నాన్న సంగతి చెప్పాలా. లెంపకాయ తిన్న పిల్ల ఎలా అడుగుతుందని వాదించవచ్చు. వాదించలేదు. యాభై రెండేళ్ళ వయసులో, చేతిలో ఎంగిలి గ్లాసులతో, అడిగాను.

"నేను దిగొచ్చా?"

నాన్న పంచాంగం తిరగేశారు. "శుక్రవారం అమావాస్య. ఆ రోజు వద్దు, పోటు ఎక్కువ. తర్వాత వచ్చే అష్టమినాడు వెళ్ళు. నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి."

అష్టమినాడు ఆయన మమ్మల్ని నారాయణగూడ మార్కెట్‌కి కూడా వెళ్ళనిచ్చేవారు కాదు.