ఎనిమిది మంచిదా కాదా

మా నాన్న బంగారు గనిలో పనిచేసి, గని మూతబడ్డాక మారికుప్పంలోనే ఉండిపోయిన మనిషి. ఆదివారాల్లో చర్చిలో పిల్లలకు బైబిలు చెప్పేవాడు. అందులోని అంకెలంటే ఆయనకు ఇష్టం. మూడు దేవుడిది, ఆరు మనిషిది, ఏడు సంపూర్ణం, నలభై పరీక్షాకాలం అని వివరించేవాడు. అన్నిటికన్నా ఎక్కువసేపు ఎనిమిది దగ్గర ఆగేవాడు. నోవహు ఓడలో బతికి బయటపడింది ఎనిమిది మంది. ఏడో దినం విశ్రాంతి, దాని మరుసటి దినం ప్రభువు లేచాడు. కాబట్టి ఎనిమిది కొత్త ఆరంభం అనేవాడు.

నేను పెళ్లి చేసుకోవాలనుకున్న అతను బెంగళూరులో మా ఆఫీసులోనే పనిచేసేవాడు. బైరకూరు రైతు కుటుంబం, హిందువులు. అతనికి తండ్రి లేడు. వాళ్లమ్మ ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. చివరికి పెళ్లి మా చర్చిలో, భోజనాలు వాళ్ల ఊళ్లో అని కుదిరింది. పాస్టరుగారు ఇచ్చిన తేదీ ఎనిమిది. నాన్న సంతోషానికి హద్దులేదు. కానీ బైరకూరులో క్యాలెండరు చూసిన వాళ్లమ్మకు అదే రోజు అష్టమి కనిపించింది. ఆ దినం వద్దని కబురు పంపింది.

నచ్చజెప్తానని నాన్న బస్సెక్కాడు. నేనూ వెళ్లాను. ఆమె వసారాలో అనపకాయలు వలిచి గింజలు తీస్తోంది. నాన్న ఓడ కథంతా చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు గానీ అంతా విన్నది.

"మా కృష్ణుడు ఎనిమిదో బిడ్డ అన్నా. పుట్టింది కూడా అష్టమి నాడే. ఆ అంకె చెడ్డదని నేను యాడ చెప్పినాను?" అంది. ఇంకో కాయ అందుకుని, "మా నాయన పట్టించుకోకుండా నా పెండ్లి అష్టమి నాడే చేసినాడు. ఇంగ వీడు నడక నేర్వకముందే వీళ్ల నాయన పోయినాడు" అంది.

అలాంటివి నమ్మకూడదని నాన్న పిల్లలకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు. ఆమెతో ఆ మాట అనలేదు. ఇచ్చిన కాఫీ తాగి లేచాడు. తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక నాతో అన్నాడు: "ఎనిమిది మంది ఉన్నారని ఓడలో వాళ్లు బతకలేదమ్మా. దేవుడు బతికించినాడు కాబట్టి బతికినారు."

పాస్టరుగారిని అడిగి పెళ్లిని దశమికి మార్పించాడు. ఫోనులో ఆ సంగతి చెప్తే ఆమె, పదికి మీ పుస్తకంలో ఏముండాది అన్నా, అని అడిగింది. పది ఆజ్ఞలు ఉన్నాయనీ, అయిదోది తల్లిదండ్రులను గౌరవించమనీ నాన్న చెప్పాడు. ఆమె ఫోను పక్కన పెట్టి, ఆ మాట ఇంటికి వచ్చి ఉన్న కొడుక్కి వినిపించేలా మళ్లీ చెప్పింది.

పెళ్లినాడు ఆమె చర్చి లోపలికి వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. ప్రార్థనకు అందరూ లేచినప్పుడు లేవలేదు. మా వైపు వాళ్లు ఒకరిద్దరు దాని గురించి ఏదో అనబోతే నాన్న ఆపేశాడు. సాయంత్రం బైరకూరులో విస్తళ్లు వేశాక వడ్డనకు తొందరపడుతున్న వాళ్లను ఆమె ఆగమంది. అన్న ముందు ప్రార్థన చేసుకోవాల, అయినాక పెట్టండి అంది. నాన్న కళ్లు మూసుకున్నాడు. ఎప్పుడూ చేసేదానికన్నా చిన్న ప్రార్థన చేశాడు.