బండ్ల బాట పక్కన పెట్రోలు పంపు

నేను దుబాయిలో పదకొండేళ్లు పెట్రోలు పంపులో పనిచేశాను. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఏసీ కార్లలో కూర్చున్నవాళ్లు అద్దం నాలుగు వేళ్లంత దించి ‘ఫుల్’ అనేవారు. నేను పోసేవాణ్ణి. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద ఇంటికొస్తే అత్తగారి ఊళ్లో నాకొక బిరుదుండేది, ‘దుబాయి అల్లుడు’ అని. మా మామ నన్ను ఎవరికి పరిచయం చేసినా అదే మాట. నా పేరుతో ఆయనకు ఎన్నడూ పని పడలేదు.

చివరిసారి వచ్చినప్పుడు, మంథని నుంచి పెద్దపల్లి పోయే దారిలో పెట్రోలు పంపు డీలర్‌షిప్ ఇస్తామని ఒక కంపెనీ ప్రకటన వేసింది. వాళ్లు చెప్పిన రెండు ఊళ్ల మధ్యనే, రోడ్డును ఆనుకొని, నా భార్య పేరు మీద భూమి ఉంది. పంపు వస్తే నేను ఇక్కడే ఉండిపోవచ్చు. రాకపోతే ఆరు నెలల లోపు తిరిగి విమానం ఎక్కాలి, లేదంటే అక్కడి వీసా రద్దవుతుంది. నాకు మళ్లీ పోబుద్ధి కావడం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

లాటరీ తీశారు. నా పేరు వచ్చింది. అంతకుముందు నా జన్మలో లాటరీలో వచ్చింది ఒక్క స్టీలు గిన్నె, దాని మూత ఇప్పటికీ సరిగ్గా పట్టదు. అందుకే నమ్మకం కుదరక ఫోన్‌లో ఆ జాబితాను ఏడెనిమిది సార్లు చూసుకున్నాను. అలా చూస్తుంటేనే రాని వాళ్లలో నా తోడల్లుడి పేరు కనిపించింది. మా మరదలి భర్త. మంథనిలో ఎరువుల దుకాణం నడుపుతాడు. అతను దరఖాస్తులో పెట్టిన భూమి కూడా అక్కడే, సరిగ్గా నా భూమికి ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క.

అదెలా జరిగిందో చెప్పాలి. మా మామ తండ్రి ఎప్పుడో రెండు ముక్కల భూమి కొన్నాడు. రెండు ముక్కల మధ్య బండ్లు పోయే బాట ఉండేది. ఆ బాటే తరవాత మొరం రోడ్డయింది, తారు రోడ్డయింది, ఇప్పుడు రెండు లారీలు పక్కపక్కనే ఉరికేంత రోడ్డయింది. మామ పడమటి ముక్కను పెద్దకూతురికి, తూర్పు ముక్కను చిన్నకూతురికి పసుపుకుంకుమల కింద ఇచ్చాడు. ఎక్కువ తక్కువలు రావద్దని పండక్కి ఇద్దరు కూతుళ్లకూ ఒకే రంగు చీర, ఇద్దరు అల్లుళ్లకూ లెక్కపెట్టి సమానంగా మటన్ ముక్కలు వేయించే మనిషి ఆయన. భూములు కూడా ఒకే రోజు, ఒకే దస్తావేజు లేఖరి దగ్గర రాయించాడు.

ఆ లేఖరి మహా నిష్ఠాపరుడు. పాత కాగితం ముందు పెట్టుకొని నాలుగు దిక్కుల హద్దులు ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాడు. దక్షిణ హద్దు దగ్గర ‘ఇప్పచెట్టు’ అని రాశాడు. ఆ ఇప్పచెట్టు నా భార్య పుట్టకముందే కొట్టేశారు. నేను ఊరుకోలేక చెట్టు లేదు కదా అన్నాను.

ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. “లేకపోతే ఏంది? కాయితంల ఉన్నది గద. పాత కాయితంల ఒక్క అక్షరం మార్చినా లింకు తెగుతది.”

మా మామ దేవుడి ముందు నిలబడ్డట్టు తలూపాడు. ఆ నిష్ఠతోనే లేఖరి రోడ్డు ఉన్న చోట కూడా ‘బండ్ల బాట’ అని దించాడు. మేమందరం ఆ రోడ్డు మీదనే బస్సులో వచ్చి, అది బండ్ల బాట అని సంతకాలు పెట్టి, మళ్లీ ఆ రోడ్డు మీదనే బస్సులో ఇంటికి పోయాం. దారిలో మామ అందరికీ సోడాలు తాగించాడు. ఒక్కరికీ నవ్వు రాలేదు.

లాటరీ అయిన వారానికి మా తోడల్లుడు కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. ‘దరఖాస్తుదారు భూమికి తూర్పున బండ్ల బాట అని ఉన్నది. బండ్ల బాట రహదారి కాదు. కావున సదరు భూమి రహదారిని ఆనుకొని లేదు.’ ఆ ‘కావున’ చూడగానే నాకు ఒళ్లు మండింది. కంపెనీ వాళ్లు తొందరగా తేల్చలేదని హైదరాబాదు పోయి హైకోర్టులో కేసు కూడా వేశాడు. ఇద్దరినీ పిలిచి విచారించి తేల్చండి, అప్పటిదాకా ఏ పనీ మొదలుపెట్టొద్దు అని కోర్టు కంపెనీకి చెప్పింది. అప్పటికి నా ఆరు నెలల్లో నాలుగు ఖర్చయిపోయాయి.

కేసు కాగితాలు మా ఇంటికొచ్చాయి. అసలైన బండ్ల బాట రోడ్డుకు అర కిలోమీటరు లోపల, కాలువ పక్కన ఉందట. నా భార్య భూమి అక్కడే ఉండాలట. రుజువుగా ఒక ఫోటో జతచేశాడు. కాలువ గట్టున మట్టి దారి, దాని మీద ఒక ఎడ్లబండి. ఆ చుట్టుపక్కల ఎడ్లు సాకే ఇల్లు ఇప్పుడు ఒక్కటీ లేదు కాబట్టి బండికి ఎడ్లు లేవు. కాడి నేల మీద మోపి ఉంది. బండిలో ఒక తెల్లకోడి కూర్చొని ఉంది.

ఆ ఫోటో అత్తమ్మకు చూపించాను. ఆమె దగ్గరికి తీసుకొని చూసి, “గిది మన పొదుగు కోడే. మొన్న దినమంత కనవడకపోతే పిల్లి పట్టిందని ఏడ్చిన” అంది.

బండి కూడా మామదే. ఇంటి వెనక ఏళ్లుగా కోళ్లకు గూడుగా పడివుండేది. మామను నిలదీశాను.

“చిన్నల్లుడు అడిగిండు. బండి జర కావాలె మామా అన్నడు. ట్రాక్టర్‌కు కట్టుకొని తీస్కపోయిండు.”

“ఎందుకని అడగలేదా?”

“అల్లున్ని గట్ల అడుగుతరా?”

“నా మీద కేసుకు మామా అది.”

“నీకు కావాలన్నా తీస్కపో” అన్నాడు మామ. ఆయనకు న్యాయమంటే అదే. చిన్నల్లుడికి ఒకసారి ఇస్తే పెద్దల్లుడికీ ఒకసారి.

నేను అన్నం సరిగా తినడం మానేశాను. నేను పెట్టుకున్న ప్లీడరు ఫోనెత్తడు. మంథని పోయినప్పుడల్లా ఎరువుల దుకాణం ముందు నుంచి మొహం తిప్పుకొని పోయేవాణ్ణి. అతను కూడా తిప్పుకొనేవాడు. ఒకసారి ఇద్దరం ఒకే పక్కకు తిప్పుకోబోయి ఎదురెదురుగా చూసుకున్నాం. అక్కాచెల్లెళ్లకు మాత్రం ఈ కేసు పట్టనే లేదు. రోజూ పొద్దున వంట చేసుకుంటూ గంటసేపు ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లు. దాన్ని ‘మొగోళ్ల కేసు’ అనేవాళ్లు.

ఒకరోజు నేను ఫిర్యాదును గట్టిగా చదువుతూ తిట్టుకుంటుంటే నా భార్య పప్పు గరిటె అలాగే పట్టుకొని వచ్చింది. “చెల్లె కాయితం కూడ గా లేఖరే రాసిండు గద. అండ్ల ఏమున్నది?”

ఇన్ని నెలలు తల పగలగొట్టుకున్న నాకు ఆ కాగితం గుర్తే రాలేదు. ఆమె అప్పుడే చెల్లెలికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అటుపక్క బీరువా తలుపు చప్పుడైంది, ప్లాస్టిక్ కవరు చప్పుడైంది. మా మరదలు బడిపిల్ల లాగా చదివింది. “ఉత్తరం, ఎవల్దో భూమి. దక్షిణం, ఇప్పచెట్టు. తూర్పు, వాగు. పడమర, బండ్ల బాట.”

ఇద్దరూ పకపకా నవ్వారు. “మా ఆయనకు చెప్పాల్నా అక్కా?” అని అడిగింది మరదలు.

“వద్దు. విచారణకు ఆఫీసరమ్మ వస్తదట గద, ఆమెనే చెప్తది.”

విచారణ కోసం కంపెనీ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. గొడుగు వేసుకొని రోడ్డు పక్కన నిలబడింది. లారీలు పోతుంటే ఆమె ఫైలు కాగితాలు ఎగురుతున్నాయి. మామ తెల్ల అంగీ వేసుకొని వచ్చి మమ్మల్ని పరిచయం చేశాడు. “గీయన మా దుబాయి అల్లుడు మేడం. గీయన మా మంథని అల్లుడు.”

ఆమె ఫోటో తీసి చూసింది. “ఈ కోడి ఎవరిది?”

“మాదే మేడం” అన్నాడు మామ సంబరంగా.

ఆమె మా తోడల్లుడి వైపు తిరిగింది. “మీ భూమికి పడమర ఏముంది?”

“రోడ్డు మేడం. గిదే రోడ్డు.”

“మీ కాగితంలో ఏం రాసి ఉందో చదవండి.”

అతను కాగితం విప్పి వేలితో వెతికాడు. వేలు ఒకచోట ఆగిపోయింది. పైకి చదవలేదు.

“బండ్ల బాట అని ఉంది కదా” అందామె. “బండ్ల బాట కాలువ పక్కన ఉందని మీరే అంటున్నారు. అట్లయితే మీ భూమి కూడా ఈ రోడ్డు వదిలి కాలువ దగ్గరికి పోతుంది. అలాగే రాసుకోమంటారా?”

రోడ్డు వెంట షాపులు కట్టి కిరాయికివ్వాలని అతను ఎప్పటినుంచో ప్లాన్ వేసుకున్నాడు. ఎదురుగా ఉన్న తన భూమిని చూశాడు, వెనక దూరంగా కాలువ గట్టు చూశాడు. నుదురు తుడుచుకొని మామ చేతిలో సీసా తీసుకొని నీళ్లన్నీ తాగాడు.

“గీ రోడ్డే మేడం బండ్ల బాట” అన్నాడు.

“రాసిస్తారా?”

రాసిచ్చాడు. కేసు వాపసు తీసుకుంటానని కూడా రాసిచ్చాడు. కేసు గురించి ఇన్నాళ్లూ నోరు విప్పని మామ, “నేను మొదటిసంది గదే అంటున్న” అన్నాడు. నేను నవ్వాలి. కానీ నాకు ఏడుపొచ్చింది. దుమ్ము పడ్డదని చెప్పి కళ్లు నలుపుకున్నాను.

పంపు కట్టేసరికి చాలా నెలలు పట్టింది. ఈలోపు వీసా గడువు దాటిపోయింది. పాస్‌పోర్టును నా భార్య భూమి కాగితాలున్న పెట్టెలోనే అడుగున పెట్టేశాను. పంపు తెరిచిన మూడో రోజు మా తోడల్లుడు బండి మీద వచ్చాడు. పనివాళ్లను ఆగమని నేనే పైపు అందుకున్నాను.

“జీరో చూస్కో తమ్మీ” అన్నాను.

బండి దిగి, వంగి, ఇంకో ఫిర్యాదుకు ఏమైనా దొరుకుతుందేమో అన్నట్టు మీటరు చూశాడు. జీరోనే ఉంది. పోయడం మొదలుపెట్టాను.

“మల్ల ఎప్పుడు పోతున్నవే అన్నా?”

“ఎటు?”

“దుబాయికి.”

“పోను.”

అతను హెల్మెట్ తీసేశాడు. “గా మాట ముందుగాల్నే చెప్పొద్దా? నువ్వు ఎట్లాగూ పోతవు, పంపు పనోళ్ల చేతుల పెడతవు అనుకున్న. ఈడ ఉండేటోన్ని, నాకెందుకు రావద్దని కేసేసిన. నువ్వుంటవని తెలిస్తే ఎందుకేద్దును?”

ట్యాంకు నిండి పెట్రోలు కాస్త పొర్లింది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నేను అలా పొర్లించలేదు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయి, చేతులైనా కడుక్కోకముందే నా భార్యకు చెప్పాను. “నేనింక పోను. వీసా కూడా పోయింది.”

ఆమె నా ముందు కంచం పెట్టింది. “పంపు నడుసుడు మొదలైతే కొత్త వీసా తీసుకొని పోతవనుకున్న” అంది. వంటింట్లోకి పోయి మామిడికాయ తొక్కు పట్టుకొచ్చింది. విమానంలో కారకుండా మంథనిలో మిషన్ మీద సీలు వేయించిన ప్యాకెట్లు, నాలుగు. ప్రతిసారీ నా పెట్టెలో పెట్టే నాలుగు. ఒకదాన్ని పళ్లతో చింపి నా కంచంలో వేసింది, మిగతా మూడూ కత్తెరతో కోసి జాడీలో వంచేసింది.